టాబ్ తలుపుకు తాళం ఎవరు వేశారు?

టాబ్ పవర్ బొత్తాం నొక్కింది మొదలు తెరమీద బొమ్మలన్నీ వచ్చి కుదురుకునే వరకు ఎంతసేపు పడుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? గోడగడియారం ఎదుట కూర్చొని ఒకసారి చూడండి. కంపెనీ పేరు వెలుగుతుంది. కాసేపు చీకటి. మళ్ళీ ఏదో చక్రం తిరుగుతుంది. మనకు అది ఊరికే గడిచిపోయే సమయం. కాని టాబ్‌కు సంబంధించిన ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఆ కొన్ని సెకన్లలోనే జరిగిపోతాయి. అటకమీద పడివున్న పాత టాబ్ మళ్ళీ చదువుకు పనికివస్తుందా, లేక పాత సామాన్లవాడి బండి ఎక్కుతుందా అన్నది కూడా అక్కడే తేలుతుంది.

సంగతేమిటో మొదటినుంచి చూద్దాం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఒక కార్యక్రమం పెట్టి, ఎనిమిదో తరగతి పిల్లలకూ వారి ఉపాధ్యాయులకూ ఐదు లక్షలకు పైగా టాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. సరిగ్గా ఏడాదికి, 2023 డిసెంబరు 21న, అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత మొదలై మరో నాలుగు లక్షలకు పైగా టాబ్‌లు బడులకు చేరాయి. శ్రీకాకుళం నుంచి మన కడప జిల్లా ఎర్రగుంట్ల దాకా ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల చేతుల్లోకి అవి వచ్చాయి. అందులో బైజూస్ సంస్థ తయారుచేసిన పాఠాలు ఉండేవి. చదువుకు సంబంధంలేనివి తెరుచుకోకుండా ఒక కాపలా ప్రోగ్రాము కూడా ఉండేది. తరువాత 2024 జూలైలో బైజూస్ సంస్థ మీద దివాలా విచారణ మొదలైంది. పాఠాలు చేసిన సంస్థ కథ అలా మలుపు తిరిగింది. మరి టాబ్? దాని తెర పగలలేదు, చిప్పు అరగలేదు. సరిగా వాడితే ఇంకా కొన్నేళ్ళు పనిచేసే యంత్రమది.

ఇది ఒక్క రాష్ట్రంలోనో ఒక్క కంపెనీకో జరిగిన సంగతి కాదు. టాబ్‌లో రెండు వయసులున్నాయి. ఒకటి వస్తువు వయసు, రెండోది దానిలోని ప్రోగ్రాముల వయసు. రెండోది చాలా చిన్నది. కంపెనీ కొన్నేళ్ళు కొత్త మార్పులు పంపుతుంది. ఆ తరువాత ఆపేస్తుంది. అప్పుడు బయటపడే లోపాలు అలాగే ఉండిపోతాయి. కొత్త ప్రోగ్రాములు 'నేను ఇందులో నడవను' అంటాయి. ఒక్క భాగమూ చెడని యంత్రం మూలపడుతుంది.

అందుకే చాలామందికి ఒక ఆలోచన వస్తుంది. కంపెనీ వేసిన ప్రోగ్రాములు తీసేసి, లినక్స్ వేస్తే?

లినక్స్ పేరు మీరు విని ఉంటారు. 1991లో ఫిన్లాండ్ దేశపు హెల్సింకీ నగరంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి మొదలుపెట్టిన పని అది. యంత్రానికీ ప్రోగ్రాములకూ మధ్య కూర్చొని, ఎవరికి ఎంత చోటు, ఎవరి వంతు ఎప్పుడు అని చూసే పెద్దదిక్కు లాంటిది. దాన్ని ఎలా రాశారో ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఒక కంపెనీ మూతపడితే ఆగిపోయే పని కాదు. దీని మీద కట్టిన సంపూర్ణ వ్యవస్థలు డెబియన్, ఫెడోరా, ఉబుంటు వంటి పేర్లతో ఉన్నాయి. మన తెలుగువాళ్ళు కూడా ఊరుకోలేదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' అనే సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారుచేసింది. బడిపిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' అని వేరుగా ఒకటి చేసింది.

ఒక తమాషా చెప్పనా? మీ ఆండ్రాయిడ్ టాబ్ లోపల అట్టడుగున ఉన్నది కూడా లినక్సే! అయితే దానిమీద కంపెనీ తన అరలు కట్టుకొని, తాళాలు వేసుకొని అమ్ముతుంది. మనం మాట్లాడుకుంటున్నది ఆ తాళాల గురించే.

రాతిమీది అక్షరం

టాబ్ ఆపి ఉన్నప్పుడు దానికి ఏమీ తెలియదు. తన జ్ఞాపకం ఎక్కడుందో, తెర ఎక్కడుందో కూడా తెలియదు. బొత్తాం నొక్కగానే మొట్టమొదట ఏం చేయాలో ఎవరో ఒకరు చెప్పాలి కదా! ఆ మొదటి ఆజ్ఞలు చిప్పు తయారయ్యేటప్పుడే అందులో చెక్కి ఉంటాయి. దాన్ని బూట్ రామ్ అంటారు. తరువాత ఎవరూ దాన్ని చెరపలేరు, దిద్దలేరు. చిప్పు చేసిన కంపెనీ కూడా దిద్దలేదు.

ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ళ అనే ఊరున్నది. చెన్నకేశవస్వామి ఆలయం ఉన్న ఊరు. అక్కడ దొరికిన రాతిమీద ఎరికల్ ముత్తురాజు ధనంజయుడనే రేనాటి చోళరాజు శాసనం ఉన్నది. క్రీస్తుశకం 575 ప్రాంతానిదని లిపిని బట్టి పండితులు నిర్ణయించారు. పూర్తిగా తెలుగులో దొరికిన శాసనాల్లో మొదటిదిగా దాన్ని చెబుతారు. మీ తెలుగు మాస్టారు చెప్పే ఉంటారు. ఆ శాసనం చివర పంచమహాపాతకాల ప్రసక్తి వస్తుంది. శాసనంలో చెప్పినదాన్ని చెడగొట్టేవారికి ఇలాంటి పాపం చుట్టుకుంటుందని బెదిరించడం ఆనాటి ఆచారం. బూట్ రామ్‌ను కూడా అలాంటి శాసనంగా ఊహించుకోండి. తాటాకు మీద రాసినదైతే ఇంకొకరు తిరగరాయవచ్చు. రాతిమీద చెక్కినది అలాగే ఉండిపోతుంది. అయితే పాపభయం మీద ఆధారపడితే ఈ కాలంలో కుదరదు గనుక, చిప్పు చేసేవాళ్ళు లెక్కల మీద ఆధారపడ్డారు.

బూట్ రామ్ చేసే పని చిన్నదే. తరువాతి ప్రోగ్రామును వెతికి పట్టుకొని, దానికి పని అప్పగించడం. ఆ రెండోదాని పేరు బూట్‌లోడరు. అది లినక్స్ వంటి ముఖ్య ప్రోగ్రామును లేపుతుంది. ముఖ్య ప్రోగ్రాము మిగతావాటిని లేపుతుంది. ఒకరి చేతినుంచి ఒకరు కాగడా అందుకున్నట్లుగా ఈ వరుస నడుస్తుంది.

తాళం పడేది ఈ అందుకోవడంలోనే. 'నీకు పని అప్పగించే ముందు నీ ముద్ర చూపించు' అంటుంది ముందున్న ప్రోగ్రాము.

ముద్ర అంటే ఏమిటి? ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళు మీకు తెలుసు. గాజు కొనేటప్పుడు అమ్మ దాని లోపలివైపు ఉన్న హాల్‌మార్క్ గుర్తు చూస్తుంది. ఆరు అక్షరాల సంఖ్య కూడా ఉంటుంది. ఆ గుర్తు ఉంటే బంగారం నాణ్యతను పరీక్షించి ముద్ర వేశారని నమ్మకం. అయితే లోహం మీద ముద్రను దొంగగా వేసేవాడు ఉండవచ్చు. ప్రోగ్రాము మీద వేసే ముద్రను దొంగగా వేయడం దాదాపు అసాధ్యం. కారణం చూడండి.

211ను 307తో గుణించండి. కాగితం మీద అర నిమిషం పని. జవాబు 64,777. ఇప్పుడు మీ స్నేహితుణ్ణి పిలిచి, 'ఏ రెండు సంఖ్యలను గుణిస్తే 64,777 వస్తుంది?' అని అడగండి. పాపం, అతనికి చాలాసేపు పడుతుంది. గుణించడం తేలిక, విడదీయడం కష్టం. ఇవి మూడంకెల ప్రధాన సంఖ్యలు. వందల అంకెలున్న ప్రధాన సంఖ్యలను తీసుకుంటే ఈనాటి పెద్ద కంప్యూటర్లు కూడా చేతులెత్తేస్తాయి. ముద్రవేసే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్న ఒకటి ఈ కష్టం మీదే నిలబడింది. కంపెనీ దగ్గర రహస్యపు చెవి ఉంటుంది. దానితో ముద్ర వేస్తుంది. ముద్ర సరైనదా కాదా అని చూడడానికి వేరే చెవి ఉంటుంది. అది రహస్యం కాదు. ఆ రెండో చెవి గుర్తును చిప్పులో ఉండే సన్నని ఫ్యూజుల్లో రాసేస్తారు. ఇంటి మీటరు దగ్గర ఫ్యూజు కాలితే మళ్ళీ తీగ చుట్టవచ్చు. చిప్పులోని ఈ ఫ్యూజు ఒకసారి రాస్తే అంతే, మళ్ళీ వెనక్కి రాదు.

ఇప్పుడు మీరు డెబియన్‌ను టాబ్‌లోకి ఎక్కించారనుకోండి. బొత్తాం నొక్కగానే ముందున్నది ముద్ర అడుగుతుంది. డెబియన్ దగ్గర ఆ కంపెనీ ముద్ర లేదు. తలుపు తెరుచుకోదు. నల్లటి తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది. ఒక్కోసారి అదీ రాదు.

ఇదంతా కంపెనీల దుర్మార్గమేనా? అలా అనడం న్యాయం కాదు. ఈ తాళమే లేకపోతే, మీ టాబ్‌ను పది నిమిషాలు చేతిలో పట్టుకున్న దొంగ అందులో తన బూట్‌లోడరును పెట్టగలడు. అది మిగతా అన్నింటికన్నా ముందు లేస్తుంది గనుక, తరువాత లేచే ఏ కాపలా ప్రోగ్రామూ దాన్ని కనిపెట్టలేదు. మీరు టైపు చేసే ప్రతి అక్షరమూ, అమ్మ బ్యాంకు రహస్య సంఖ్యతో సహా, దాని కళ్ళముందే జరుగుతుంది. కాబట్టి తాళం ఉండడం మంచిదే. అయితే ఇంటికి తాళం వేసి, చెవి ఇల్లు కట్టిన మేస్త్రీ తనే ఉంచుకుంటానంటే? అక్కడ వస్తుంది తగాదా.

చెవి ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కొక్క జవాబు చెప్పారు.

2011 అక్టోబరు 5న ఢిల్లీలో 'ఆకాశ్' అనే చవక టాబ్‌ను కేంద్రప్రభుత్వం విడుదల చేసింది. విద్యార్థుల కోసం డేటావిండ్ అనే కంపెనీ చేసింది. ఆ మొదటి టాబ్‌ల బిగింపు జరిగింది మన హైదరాబాద్‌లోనే. 7 అంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ వేగం, 256 మెగాబైట్ల జ్ఞాపకం. నెమ్మదిగా నడుస్తుందని అందరూ విసుక్కున్నారు, అది నిజమే. 2012 నవంబరు 11న మెరుగుపరచిన ఆకాశ్ 2 వచ్చింది. అందులో ఆల్‌విన్నర్ ఎ13 అనే చిప్పు వాడారు. ఆ చిప్పు శాసనంలో ఒక మంచి వాక్యం ఉన్నది. మొదట మెమొరీ కార్డు అరలో చూడు, అక్కడ ఏమీ లేకపోతేనే లోపలి నిల్వకు వెళ్ళు అని దాని భావం. అంటే లినక్స్‌ను ఒక చిన్న మైక్రో ఎస్‌డీ కార్డులో రాసి, అరలో తోసి, బొత్తాం నొక్కితే చాలు. లినక్స్ లేస్తుంది. కార్డు తీసేస్తే పాత ఆండ్రాయిడ్ ఎప్పటిలాగే లేస్తుంది. ఏదీ చెరపనక్కరలేదు, ఎవరినీ బతిమాలనక్కరలేదు. ఐఐటీ బొంబాయివారు ఇలాగే ఆకాశ్‌లో ఉబుంటు నడిపి చూపించారు. వేగం సంగతి పక్కనపెడితే, తలుపు విషయంలో ఇంత మర్యాదస్థురాలైన టాబ్ తరువాత తక్కువగా వచ్చిందని నా అభిప్రాయం.

దీనికి పూర్తిగా ఎదురు, అదే ఏడాది అక్టోబరులో మైక్రోసాఫ్ట్ అమ్మిన సర్ఫేస్ ఆర్‌టీ. విండోస్ 8 కాలంలో మైక్రోసాఫ్ట్ కంపెనీలకు రెండు రకాల నియమాలు పెట్టింది. ఇంటెల్ తరహా చిప్పులున్న కంప్యూటర్లలో, సెక్యూర్ బూట్ అనే ఈ ముద్రల తనిఖీని కొనుక్కున్నవాడు కావాలంటే ఆపుకోగలగాలి. ఏఆర్ఎం తరహా చిప్పులున్న వాటిలో మాత్రం ఆపడానికి వీలుండకూడదు. సర్ఫేస్ ఆర్‌టీ రెండో రకానిది. ఎంత డబ్బు పోసి కొన్నా చెవి మీది కాదు. 2016లో ఇద్దరు పరిశోధకులు మైక్రోసాఫ్ట్ వ్యవస్థలోనే ఒక లొసుగు బయటపెట్టాక, పట్టుదల ఉన్నవాళ్ళు అందులో లినక్స్ లేపగలిగారు. బడిపిల్లలు తలపెట్టవలసిన పని మాత్రం కాదది.

కోట పెద్దది, ద్వారం చిన్నది

ఈ రెంటికీ మధ్యరకం టాబ్‌లే మనకు ఎక్కువగా తగులుతాయి. మీ చిన్నాయన 2014లోనో 2015లోనో కొన్న విండోస్ టాబ్ ఇంట్లో ఉన్నదనుకోండి. డెల్, ఆసుస్ వంటి విదేశీ పేర్లతోనే కాక ఐబాల్, మైక్రోమాక్స్, నోషన్ ఇంక్ అనే మన దేశపు పేర్లతోనూ అవి అప్పట్లో వచ్చాయి. చాలావాటిలో ఉన్నది ఇంటెల్ ఆటమ్ చిప్పే. 1 లేదా 2 గిగాబైట్ల జ్ఞాపకం, 16 లేదా 32 గిగాబైట్ల నిల్వ. విండోస్ 8.1కు మద్దతు 2023 జనవరి 10తో ముగిసింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే కనీసం 4 గిగాబైట్ల జ్ఞాపకం, 64 గిగాబైట్ల నిల్వ ఉండాలి. కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్లే.

వీటిలో సెక్యూర్ బూట్‌ను సాధారణంగా ఆపుకోవచ్చు. అయినా లినక్స్ పెన్‌డ్రైవ్ పెడితే టాబ్ దాన్ని చూడనట్లే నటిస్తుంది! చాలామంది ఇక్కడే విసిగి వదిలేశారు. కారణం తాళం కాదు, ద్వారం కొలత.

చిప్పు 64 బిట్లది. కాని దాన్ని నిద్రలేపే యూఈఎఫ్ఐ అనే ప్రోగ్రామును 32 బిట్లదిగా చేశారు. బిట్లంటే ఏమిటో గుర్తు చేసుకుందాం. 32 సున్నాలు లేదా ఒకట్లతో 4,29,49,67,296 రకాల చిరునామాలు రాయవచ్చు, అంటే 4 గిగాబైట్ల జ్ఞాపకానికి సరిపోతుంది. ఆ టాబ్‌లలో జ్ఞాపకం అంతకన్నా తక్కువే గనుక, తక్కువ చోటు పట్టే 32 బిట్ల విండోస్ వేసి అమ్మారు. విండోస్‌కూ యూఈఎఫ్ఐకూ కొలత ఒకటే ఉండాలి. అందుకని యూఈఎఫ్ఐ కూడా 32 బిట్లదయింది. గండికోట చూసినవారు ఇలా ఊహించుకోండి. లోపల ఏనుగులు తిరిగేంత చోటుంది, ద్వారం మాత్రం మనిషి పట్టేంతే పెట్టారు. 64 బిట్ల లినక్స్ అనే ఏనుగు బయటే నిలబడిపోయింది.

దీన్ని తీర్చినవారు లినక్స్ రాసేవాళ్ళే. 2014లో వచ్చిన లినక్స్ 3.15 నుంచి, 32 బిట్ల ద్వారంలోంచి లోపలికి వచ్చి 64 బిట్లుగా నిలబడే ఉపాయం చేర్చారు. 2015లో డెబియన్ 8, 2017లో ఫెడోరా 27 ఈ ద్వారానికి తగిన చిన్న బూట్‌లోడరును తమతో తెచ్చాయి. అంటే ఏనుగు కన్నా ముందు ఒక మావటివాడు ఆ చిన్న ద్వారంలోంచి లోపలికి వెళ్ళి పెద్ద ద్వారం తెరుస్తాడన్నమాట.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకొనే చేయండి.

మొదట టాబ్ వెనుక పలకను చూడండి. బ్యాటరీ ఉబ్బి పలక పైకి లేచి ఉంటే అక్కడితో ఆపేయండి. దాన్ని ఛార్జింగ్‌కు పెట్టకూడదు, గుచ్చకూడదు. నిప్పు అంటుకునే వస్తువది. బాగానే ఉంటే అందులోని ఫొటోలు, కాగితాలు మరోచోటికి నకలు తీయండి. నిల్వకు బిట్‌లాకర్ వంటి రహస్య లిపి రక్షణ ఉన్నదేమో చూసుకోండి. ఉంటే దాని రికవరీ సంఖ్యను ముందే కాగితం మీద రాసి ఉంచుకోవాలి. సెక్యూర్ బూట్‌ను కదిలించగానే విండోస్ ఆ సంఖ్య అడగవచ్చు.

తరువాత మరో కంప్యూటరులో లినక్స్ ఫైలును దించుకోండి. దించుకున్నది సరైనదేనా? దాని పక్కనే 64 అక్షరాల ఒక గుర్తు ఇస్తారు. షా-256 అనే లెక్క ప్రకారం మీ ఫైలుకు గుర్తు తీయించి, రెండూ సరిపోల్చండి. ఫైలులో ఒక్క అక్షరం మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. ముద్రలు వేసే కంపెనీలు చేసేదానిలో సగం ఇదే. ఇప్పుడు మీరు మీ చేత్తో చేశారు. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా నకలు చేస్తే చాలదు. అందుకోసం ఉన్న ప్రోగ్రాముతో రాయాలి. రాశాక పెన్‌డ్రైవ్ తెరిచి ఈఎఫ్ఐ అనే అరలో బూట్ అనే అర చూడండి. అక్కడ బూట్‌ఐఏ32 అనే ఫైలు కనిపించాలి. అదే మన మావటివాడు. బూట్‌ఎక్స్64 ఒక్కటే ఉంటే ఆ పెన్‌డ్రైవ్‌తో ఈ టాబ్ లేవదు.

ఈ టాబ్‌లకు తరచు ఒకే ఒక చిన్న రంధ్రం ఉంటుంది. ఛార్జింగ్‌కూ అదే, పెన్‌డ్రైవ్‌కూ అదే. ఓటీజీ తీగ, దానికి నాలుగు నోళ్ళ హబ్, కీబోర్డు, మౌసు సిద్ధం చేసుకోండి. లినక్స్ మొదటిసారి లేచినప్పుడు వేలిస్పర్శ పనిచేయకపోవచ్చు గనుక కీబోర్డు తప్పనిసరి. పనిచేస్తున్నంతసేపు ఛార్జింగ్ ఎక్కదు కనుక ముందే నూటికి నూరు నింపుకోండి. ఎర్రగుంట్ల పక్కన 1650 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్నంత మాత్రాన మీ వీధిలో కరెంటు పోదని కాదు!

టాబ్‌ను పూర్తిగా ఆపి, వాల్యూమ్ బొత్తాల్లో ఒకటి నొక్కిపట్టుకొని పవర్ నొక్కితే చాలా రకాల్లో అమరికల పట్టిక వస్తుంది. ఏ బొత్తామన్నది ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. అందులో సెక్యూర్ బూట్‌ను ఆపి, పెన్‌డ్రైవ్‌ను మొదటి వరుసలో పెట్టండి. మిగతా అంకెలను కదిలించవద్దు. ముఖ్యంగా యూఈఎఫ్ఐను మార్చేస్తామనే ఫైళ్ళ జోలికి పోవద్దు. అది సగంలో ఆగిందంటే టాబ్ ఇటుకరాయే.

లినక్స్ లేచాక వెంటనే లోపల పాతుకోనివ్వకండి. పెన్‌డ్రైవ్ మీదనుంచే నడిపే వీలు ఇచ్చే రకాన్ని ఎంచుకొని ఒక పూట చూడండి. వైఫై వస్తున్నదా? ధ్వని వస్తున్నదా? తెర పక్కకు తిరిగి ఉన్నదా? ఈ టాబ్‌లలో చాలావాటికి నిలువు తెర బిగించారు గనుక బొమ్మ అడ్డంగా పడుకొని కనిపిస్తుంది. అమరికల్లో తిప్పవచ్చు. రియల్‌టెక్ వైఫై చిప్పుకు కావలసిన తోడు ప్రోగ్రాము 2017లో లినక్స్‌లో చేరింది. కెమెరా మాత్రం వస్తుందని ఆశపెట్టుకోకండి. ఇవన్నీ చూసి, ఇంట్లోవాళ్ళు సరేనన్నాకనే లోపల వేయాలి. 2 గిగాబైట్లున్నదానిలో తేలికపాటి తెర ఎంచుకుంటే పుస్తకాలు చదవడం, తెలుగులో టైపు చేయడం, లెక్కల బొమ్మలు గీయడం, పైథాన్ నేర్చుకోవడం బాగానే సాగుతాయి. 1 గిగాబైటున్నది కాస్త ఓపిక అడుగుతుంది.

బడిలో ఇచ్చిన ఆండ్రాయిడ్ టాబ్ సంగతి వేరు. అది ఏఆర్ఎం చిప్పుది. ఇంటెల్ తరహా కంప్యూటరు తనలో ఏ భాగాలున్నాయో అడిగితే జాబితా చెబుతుంది. అందుకే ఒకే పెన్‌డ్రైవ్ వందల రకాలకు పనికివస్తుంది. ఏఆర్ఎం టాబ్ సాధారణంగా అలా చెప్పదు. ఏ తీగ ఎక్కడికి పోతున్నదో ముందే ఒక పటం రాసి లినక్స్‌కు ఇవ్వాలి. ఆ రకానికి ఎవరో కూర్చొని పటం రాసి ఉంటేనే పని జరుగుతుంది.

తాళం మాటకు వస్తే, చాలా ఆండ్రాయిడ్ టాబ్‌ల అమరికల్లో ఓఇఎం అన్‌లాక్ అనే మీట ఉంటుంది. కంపెనీ అనుమతిస్తే దానితో బూట్‌లోడరు తెరవవచ్చు. తెరిచిన మరుక్షణం లోపలున్నదంతా చెరిగిపోతుంది. ఇది శిక్ష కాదు. దొంగిలించినవాడు తాళం తెరిచి మీ ఫొటోలు చూడకూడదని పెట్టిన జాగ్రత్త. సామ్‌సంగ్ వారివాటిలో అయితే, కంపెనీ ముద్రలేని ప్రోగ్రాము ఒక్కసారి నడిచినా నాక్స్ అనే ఫ్యూజు శాశ్వతంగా మారిపోతుంది. తరువాత మళ్ళీ పాత ప్రోగ్రామే వేసినా, ఈ తాళం ఒకప్పుడు తెరిచారని ఆ ఫ్యూజు సాక్ష్యం చెబుతూనే ఉంటుంది.

అందుచేత బడి టాబ్‌ను మీరుగా తెరవకూడదు. అది ఎవరి ఆస్తి, ఏ షరతుమీద మీ దగ్గర ఉన్నది అన్నది హెడ్మాస్టరు గారిని అడగండి. దాని కాపలా ప్రోగ్రాము తీసే అధికారం ఇచ్చినవారిదే. కాని 'వాడకం అయిపోయాక వీటి చెవులు ఎవరిస్తారు?' అని అడిగే హక్కు మీకున్నది. లక్షల టాబ్‌లు ఒకేసారి కొనే ప్రభుత్వానికి, కొన్నేళ్ళ తరువాత తాళం తెరిచి ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించుకునే బలం ఉంటుంది. ఒక్క టాబ్ కొనే మీ నాన్నకు ఆ బలం ఉండదు.

రాతిమీది అక్షరానికి ఇంకో గుణం కూడా ఉన్నది. చెక్కేటప్పుడు పడిన తప్పు కూడా చెరగదు. 2018లో ఎన్‌విడియా టెగ్రా చిప్పుల బూట్ రామ్‌లో ఒక తప్పు బయటపడింది. 2019లో ఆపిల్ వారి ఎ5 నుంచి ఎ11 వరకు చిప్పుల్లో మరొకటి బయటపడింది. పాత ఐపాడ్‌లు ఎన్నో అందులోకి వస్తాయి. అమ్ముడైపోయిన వాటిని దిద్దడానికి దారిలేదు. మరమ్మతు చేసేవాడికి అది తెరుచుకున్న కిటికీ, దొంగకు కూడా అంతే.

మీ ఆటమ్ టాబ్‌లో లినక్స్ లేచిందా? అయితే ఒక చిన్న ప్రయోగం మిగిలి ఉన్నది. ఫైళ్ళ అరల్లో సిస్ అనే అర తెరిచి, అందులో ఫర్మ్‌వేర్, దాని లోపల ఈఎఫ్ఐ తెరవండి. ద్వారం కొలత చెప్పే ఫైలు ఒకటి అక్కడ ఉంటుంది. పేరు చివర ప్లాట్‌ఫారం సైజ్ అని ఉంటుంది. తెరిస్తే ఒకే ఒక సంఖ్య, 32. తరువాత వ్యవస్థ వివరాల పేజీ తెరిచి, నడుస్తున్న లినక్స్ ఎన్ని బిట్లదో చూడండి. అక్కడ 64 కనిపిస్తుంది. టాబ్ పేరు, చిప్పు పేరు, ఈ రెండు సంఖ్యలు, ఏవి పనిచేశాయి, ఏవి చేయలేదు అన్నవి నోటుపుస్తకంలో తేదీతో రాసి పెట్టండి. అదే రకం టాబ్ మీ తరగతిలో ఇంకొకరి ఇంట్లో బయటపడితే వాళ్ళకు సగం పని తగ్గుతుంది.